వెలుగులో పాట పంపడం ఎలా: ఒక ఎల్‌ఈడీ, ఒక సోలార్ ప్యానెల్, ఒక సాయంత్రం

మీ ఇంట్లో పాడైన సోలార్ గార్డెన్ లైటు ఒకటి, ఆక్స్ సాకెట్ (గుండ్రటి జాక్ పట్టే రంధ్రం) ఉన్న స్పీకర్ ఒకటి ఉంటే ఈ రాత్రికే ఎల్‌ఈడీ వెలుగులోంచి పాట వినొచ్చు. ఫోనుకూ స్పీకర్‌కూ మధ్య వైరు ఉండదు, బ్లూటూత్ ఉండదు. మధ్యలో చెయ్యి అడ్డం పెడితే పాట ఆగుతుంది, తీస్తే మళ్లీ వస్తుంది. హనుమకొండలోని మా ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే మేనకోడలి సైన్స్ ఫెయిర్ కోసం మొదలుపెట్టిన పని ఇది. ఫెయిర్ అయిపోయింది కానీ ఆ డబ్బా ఇంకా మా టీవీ పక్కనే ఉంది. మేం తప్పులు చేసి నేర్చుకున్నదంతా వరుసగా చెబుతాను, మీకు ఆ తిప్పలు తప్పుతాయి.

దీన్ని లై-ఫై అంటారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో అప్పటి ఆచార్యుడు హెరాల్డ్ హాస్ 2011లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద టేబుల్ ల్యాంప్ వెలుగులోంచి వీడియో పంపి చూపించినప్పుడు ఈ పేరు జనానికి తెలిసింది. మనం చేయబోయేది అంత పెద్దది కాదు. కానీ లోపలి సూత్రం అదే: వెలుగును కంటికి తెలియనంత వేగంగా ఎక్కువ తక్కువ చేస్తాం, అవతల దాన్ని పట్టుకుంటాం.

సామాను

కొత్తగా కొనాల్సినవి: మెరుపు తెలుపు ఎల్‌ఈడీ 5 మిల్లీమీటర్లది, బీసీ 547 ట్రాన్సిస్టర్, 100 ఓమ్‌లు, 1 కిలో ఓమ్, 2.7 కిలో ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు ఒక్కోటి, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, ఒక బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా సామాను గుచ్చి కలిపే పలక), రెండు ఆక్స్ కేబుళ్లు. అన్నీ రెండేసి చొప్పున తీసుకోండి. ఎల్‌ఈడీ, ట్రాన్సిస్టర్, రెసిస్టర్ ఇవన్నీ ఒక్కోటి చాయ్ కన్నా చవక, ఒకటి కాలిపోతే రాత్రి ఎనిమిదింటికి మళ్లీ చౌరస్తా దాకా పోవడం మాత్రం ఖరీదైన పని. షాపులో పాత మనిషి కూర్చుని ఉంటే కెపాసిటర్ అనకుండా కండెన్సర్ అనండి, వెంటనే చేతికొస్తుంది. ఇంజనీరింగ్ పిల్లలు నిండిన ఊరు కాబట్టి వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఈ సామాను దొరకడం కష్టం కాదు.

ఇంట్లో వెతకాల్సినవి: గార్డెన్ లైటులోదో, బొమ్మలోదో ఒక సోలార్ ప్యానెల్ (మాది 6 వోల్టులది, అరచేయంత ఉంటుంది), ఆక్స్ ఉన్న స్పీకర్, ఒక భూతద్దం. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ లేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. అది లేకుండా చేయొచ్చు కానీ తప్పు ఎక్కడుందో తెలియక టెన్షన్ పడతారు.

ఒక్క హెచ్చరిక, ఇది మాత్రం గట్టిగానే చెబుతున్నాను. ఇంట్లో హోల్డర్‌కు పెట్టే ఎల్‌ఈడీ బల్బును విప్పి అందులో పాట ఎక్కిద్దామని చూడకండి. చవక బల్బుల్లో లోపలి సర్క్యూట్ నేరుగా 230 వోల్టుల లైనుకు కలిసి ఉంటుంది, చెయ్యి తగిలితే ఎల్‌ఈడీ దగ్గర కూడా షాక్ కొడుతుంది. పైగా అందులోని కెపాసిటర్లు వెలుగును ఊగకుండా నిలబెట్టడానికే ఉన్నాయి. మన పనంతా 9 వోల్టుల బ్యాటరీ మీదే.

ముందు వినే వైపు కట్టండి

అందరూ ముందు పంపే వైపు కడతారు. నేనూ అదే చేశాను. ఎల్‌ఈడీ వెలిగింది, పాట వెళ్తుందో లేదో తెలియదు, గంటసేపు దాని ముఖం చూస్తూ కూర్చున్నాను. చెవి లేకుండా గొంతును పరీక్షించలేం కదా. అందుకే చెవి ముందు.

ఒక ఆక్స్ కేబుల్‌ను ఒక పక్క కత్తిరించి పైతొడుగు ఒలవండి. లోపల రెండు రంగు వైర్లు, ఒక రాగి జడ కనిపిస్తాయి. రాగి జడ గ్రౌండ్, రంగువి రెండూ ఎడమ, కుడి. రంగు వైర్లు రెంటినీ కలిపి మెలితిప్పండి, మనకు ఒకే పాట చాలు. ఈ సన్నని వైర్ల మీద కొన్నిసార్లు లక్క పూత ఉంటుంది, పైకి రాగిలాగే మెరుస్తుంది కానీ కరెంటు పోదు. బ్లేడుతో మెల్లగా గీకండి.

ఇప్పుడు ప్యానెల్ ప్లస్ నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్లస్ కాలికి, దాని మైనస్ కాలు నుంచి మెలితిప్పిన రంగు వైర్లకు కలపండి. ప్యానెల్ మైనస్‌ను రాగి జడకు కలపండి. చివరగా 1 కిలో ఓమ్ రెసిస్టర్‌ను (గోధుమ, నలుపు, ఎరుపు గీతలు) ప్యానెల్ ప్లస్, మైనస్‌ల మధ్య అడ్డంగా పెట్టండి.

ఆ 1 కిలో ఓమ్ ఎందుకో చెప్పాలి, ఎందుకంటే వీడియోల్లో చాలామంది అది లేకుండానే చూపిస్తారు, చీకట్లో పని చేస్తుంది కూడా. కానీ గదిలో కాస్త వెలుగున్నా ప్యానెల్ వోల్టేజీ పైకి పోయి అక్కడే ఆగిపోతుంది. నిండుకుండ తొణకదు అంటారే, సరిగ్గా అదే. వెలుగు ఇంకొంచెం పెరిగినా తగ్గినా వోల్టేజీలో తేడా కనిపించదు. మనకు కావలసింది తొణికే కుండ. అడ్డంగా పెట్టిన రెసిస్టర్ ఆ కుండకు చిల్లు లాంటిది: వచ్చిన కరెంటు వచ్చినట్టు కారిపోతుంది, నీటి మట్టం వెలుగుతో పాటే లేస్తుంది, దిగుతుంది. పగలు కిటికీ దగ్గరైతే ఈ చిల్లు కూడా చాలదు, 1 కిలో ఓమ్ తీసి 100 ఓమ్‌లు పెట్టాల్సి వస్తుంది. రాత్రి చేసుకోవడమే సుఖం.

కెపాసిటర్ పని వేరు. గదిలో నిలకడగా ఉన్న వెలుగును ఆపి, ఊగే భాగాన్ని మాత్రమే స్పీకర్‌కు వదులుతుంది.

స్పీకర్ ఆన్ చేసి ఆక్స్ మోడ్‌లో పెట్టి వాల్యూమ్ సగానికి పెంచండి. ప్యానెల్‌ను ట్యూబ్‌లైటు వైపు తిప్పండి. బుయ్‌మని మోత వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఒక్కో ఊపులో వెలుగు రెండుసార్లు ఉబుకుతుంది కాబట్టి మీరు వింటున్నది 100 హెర్ట్జ్. ఇన్నాళ్లూ ఆ ట్యూబ్‌లైటు మీ తల మీద అలా మోగుతూనే ఉంది, వినే చెవి లేక తెలియలేదు అంతే. ఇల్లంతా తిరిగి ఒక్కో బల్బు దగ్గరా పెట్టి చూడండి. మంచి బల్బు దాదాపు మౌనంగా ఉంటుంది. బాత్రూంలోని చవక బల్బు గోల చేస్తుంది.

తర్వాత టీవీ రిమోట్ పెట్టి బటన్ నొక్కండి. టకటకమని కొట్టుకుంటుంది. రిమోట్ పంపే ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనబడదు కానీ సిలికాన్ ప్యానెల్‌కు బాగానే కనబడుతుంది. ఆ టకటకలే మీరు నొక్కిన బటన్ గుర్తులు.

మూడో పరీక్ష మా మేనకోడలు కనిపెట్టింది. బ్యాటరీ టార్చ్ వెలిగించి ప్యానెల్ మీద వేసి, మధ్యలో దువ్వెనను జర్రున లాగండి. బర్ర్ మంటుంది. వేగంగా లాగితే స్వరం పెరుగుతుంది, మెల్లగా లాగితే దిగుతుంది. పళ్లు వెలుగును తుంచుతున్నాయి, ఆ తుంపులే శబ్దం అవుతున్నాయి. వెలుగుతో మాట పంపడం అనే విషయం పిల్లలకు ఇంతకన్నా తేలికగా చెప్పే దారి నాకు దొరకలేదు.

ఈ మూడూ పనిచేస్తే చెవి సిద్ధం.

పంపే వైపు: దీపం ఆరకూడదు

ఇక్కడే అసలు కిటుకు ఉంది, కొంచెం నిలబడి చూద్దాం.

ఫోన్ నుంచి వచ్చే పాట కరెంటు సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది, ప్లస్ అవుతుంది, మైనస్ అవుతుంది. వెలుగు అలా ఊగలేదు. వెలుగుకు మైనస్ లేదు. పూర్తిగా ఆరిపోవడం కన్నా తక్కువ వెలుగు ఉండదు కదా. ఫోన్ వైర్లను తెచ్చి ఎల్‌ఈడీకి నేరుగా తగిలిస్తే పాటలో కింది సగం మొత్తం పోతుంది. పై సగం కూడా రాదు, ఎందుకంటే తెలుపు ఎల్‌ఈడీ వెలగాలంటేనే దాదాపు 3 వోల్టులు కావాలి, ఫోన్ ఇచ్చేది ఒక వోల్టు లోపే.

అందుకని ఎల్‌ఈడీని ముందే సగం వెలుగులో నిలబెట్టి, ఆ సగం నుంచి పైకీ కిందికీ ఊపుతాం. పాట మైనస్‌లోకి పోయినప్పుడు వెలుగు తగ్గుతుంది కానీ ఆరదు. ప్లస్‌లోకి పోయినప్పుడు పెరుగుతుంది కానీ కాలదు. దీన్ని బయాస్ అంటారు. పాట చినిగినట్టు వచ్చిందంటే పదిలో తొమ్మిదిసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది.

బీసీ 547ను చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. షాపులో దానికి బదులు 2ఎన్ 2222 ప్లాస్టిక్‌ది ఇస్తే పనిచేస్తుంది కానీ చాలా వాటిలో కాళ్లు తారుమారుగా ఉంటాయి: ఎమిటర్, బేస్, కలెక్టర్. అది చూసుకోకుండా పెట్టి నేను ఒక అరగంట పోగొట్టుకున్నాను.

బ్రెడ్‌బోర్డ్ మీద ఇలా కలపండి. బ్యాటరీ ప్లస్ నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలుకు. ఎల్‌ఈడీ పొట్టి కాలు నుంచి కలెక్టర్‌కు. ఎమిటర్ నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ (గోధుమ, నలుపు, గోధుమ) మీదుగా బ్యాటరీ మైనస్‌కు. బ్యాటరీ ప్లస్ నుంచి 10 కిలో ఓమ్ (గోధుమ, నలుపు, నారింజ) బేస్‌కు. బేస్ నుంచి 2.7 కిలో ఓమ్ (ఎరుపు, ఊదా, ఎరుపు) బ్యాటరీ మైనస్‌కు.

ఫోన్ ఇంకా కలపకండి. బ్యాటరీ పెట్టగానే ఎల్‌ఈడీ నిలకడగా వెలగాలి. 100 ఓమ్‌ల రెసిస్టర్‌కు అటూ ఇటూ మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడండి. 1 నుంచి 1.3 వోల్టుల మధ్య వస్తే సరిగ్గా ఉన్నట్టు. 1.1 వోల్టులు అంటే 100తో భాగిస్తే 11 మిల్లీ ఆంపియర్లు. ఈ ఎల్‌ఈడీలు తట్టుకునేది 20 దాకా కాబట్టి మనం సగానికి కాస్త పైన ఉన్నాం, ఊగడానికి రెండు వైపులా చోటుంది. సున్నా చూపిస్తే ట్రాన్సిస్టర్ కాళ్లు, ఎల్‌ఈడీ కాళ్లు మళ్లీ చూడండి. 2 వోల్టులు దాటితే 2.7 కిలో ఓమ్ బదులు వేరేది పెట్టి ఉంటారు, వెంటనే బ్యాటరీ తీయండి.

ఇప్పుడు రెండో ఆక్స్ కేబుల్‌ను కత్తిరించండి. ఈసారి రంగు వైర్లు రెంటినీ కలపొద్దు. ఫోన్‌లో ఎడమ, కుడి రెండూ వేర్వేరు యాంప్లిఫయర్లు, కలిపితే ఒకదాన్ని ఒకటి నెట్టుకుంటాయి. ఒక్క వైరు వాడి రెండోదానికి టేపు చుట్టేయండి. రాగి జడ బ్యాటరీ మైనస్‌కు. రంగు వైరు రెండో 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ మైనస్ కాలుకు, దాని ప్లస్ కాలు బేస్‌కు. బేస్ దగ్గర దాదాపు 1.8 వోల్టులు ఉంటాయి, అందుకే ప్లస్ అటు. తిరగేస్తే మొదట్లో పనిచేసినా కొన్నాళ్లకు కెపాసిటర్ పాడవుతుంది. ఈ కెపాసిటరే బ్యాటరీ వోల్టేజీ మీ ఫోన్‌లోకి పోకుండా ఆపుతున్నది కూడా, దాన్ని మాత్రం మర్చిపోకండి. ఫోన్‌కు గుండ్రటి జాక్ లేకపోతే టైప్-సీ నుంచి ఆక్స్‌కు మార్చే చిన్న ముక్క దొరుకుతుంది. పాత పనికిరాని ఫోన్ ఉంటే మొదటిసారి దాంతోనే చేయండి, మనసు నిమ్మళంగా ఉంటుంది.

రెంటినీ ఎదురెదురుగా

గదిలో ట్యూబ్‌లైటు బంద్ చేయండి. ఫోన్‌లో పాట పెట్టి వాల్యూమ్ ముప్పావు దాకా పెంచండి. ఎల్‌ఈడీని ప్యానెల్ ముందు జానెడు దూరంలో పెట్టండి.

ఎల్‌ఈడీ వైపు చూస్తే ఏమీ తెలియదు. నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. కానీ స్పీకర్‌లో పాట వస్తుంది. మా ఇంట్లో మొదటిసారి వచ్చింది బతుకమ్మ పాట, మా అమ్మ ఫోన్‌లో అదే ముందుండేది. "మామా, అగో వస్తున్నది!" అని పిల్ల అరిచింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చెయ్యి అడ్డం పెట్టి తీసి, మళ్లీ పెట్టి తీసి, "ఇంతకు వైరు ఎక్కడ దాచినవ్?" అని స్పీకర్ వెనక వెతికింది.

శబ్దం చిన్నగా వస్తే స్పీకర్ వాల్యూమ్ పెంచండి, ఫోన్‌ది కాదు. ఫోన్ వాల్యూమ్ నిండా పెంచితే కొన్ని ఫోన్లలో ఎల్‌ఈడీ ఆరే దాకా ఊగిపోయి పాట బొంగురుపోతుంది.

దూరం పెంచాలంటే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. 6 వోల్టుల ప్యానెల్‌ను దగ్గరగా చూడండి, సన్నని గీతలతో డజను దాకా పట్టీలుగా చీలి కనిపిస్తుంది. ఒక్కో పట్టీ ఒక్కో సెల్, అన్నీ ఒకదాని వెనక ఒకటి కలిసి ఉంటాయి. ఒకే పైపులోంచి నీళ్లు పోయినట్టు, అన్నిట్లోకీ తక్కువ వెలుగు పడ్డ సెల్ ఎంత కరెంటు ఇస్తుందో మొత్తం మీద అంతే వస్తుంది. వెలుగును ఒక చుక్కలా చేసి ఒక్క పట్టీ మీద వేస్తే ఎక్కువ వస్తుందనిపిస్తుంది, నిజానికి పాట దాదాపు మాయమవుతుంది. ప్యానెల్ మొత్తం మీద సమంగా పరుచుకునేలా వేయండి. మేం భూతద్దం తెచ్చి ప్యానెల్ ముందు పెట్టి వెలుగును చుక్కగా కుదించాం, పాట ఆగిపోయింది, అద్దాన్ని తిట్టుకున్నాం. తప్పు అద్దానిది కాదు, పెట్టిన చోటుది.

భూతద్దం ఉండాల్సింది ఎల్‌ఈడీ ముందు. పగలు కిటికీకి ఎదురు గోడ దగ్గర అద్దాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ జరపండి. కిటికీ బొమ్మ తలకిందులుగా గోడ మీద స్పష్టంగా పడ్డప్పుడు గోడకూ అద్దానికీ మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. అదే దాని నాభ్యంతరం. రాత్రి ఎల్‌ఈడీని అద్దానికి సరిగ్గా అంత దూరంలో పెడితే చెదిరిపోయే వెలుగు ఒక కట్టలా మారి ముందుకు పోతుంది. అద్దం లేకుండా దూరం రెట్టింపైతే ప్యానెల్ మీద పడే వెలుగు నాలుగో వంతు అవుతుంది, పాట జానెడు దాటితే నీరసపడేది. అద్దం పెట్టాక హాలు ఈ మూల నుంచి ఆ మూలకు, 12 అడుగుల దాకా, హాయిగా వచ్చింది. అట్టపెట్టెకు చీలిక పెట్టి అద్దాన్ని అందులో నిలబెట్టండి. చేత్తో పట్టుకుంటే వణుకు కూడా పాటలో వినిపిస్తుంది.

డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు కూడా ప్రయత్నించాం. వీధిలైటు మోత పాటను మింగేసింది. ప్యానెల్‌ను ఒక అట్ట గొట్టం లోపల పెట్టి ఎల్‌ఈడీ వైపు మాత్రమే తెరిచి ఉంచాక కొంత తగ్గింది. తెల్లారి చూసేసరికి ఆ గొట్టాన్ని కోతులు పట్టుకుపోయాయి. మా వైపు డాబా మీద ఏదీ రాత్రి వదలకూడదని తెలిసి కూడా వదిలాం.

ఇంతకూ డాబా మీది నుంచి డాబా మీదికి వెలుగుతో మాట పంపాలన్న ఆలోచన ఎల్‌ఈడీలకన్నా చాలా పాతది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రహాంబెల్, సహాయకుడు చార్లెస్ సమ్నర్ టైంటర్‌తో కలిసి 1880లో వాషింగ్టన్‌లో ఒక బడి మీది నుంచి తన ప్రయోగశాలకు 213 మీటర్ల దూరం ఎండ వెలుగులో మాట పంపాడు. మాట్లాడితే వణికే పలుచని అద్దం మీద ఎండ పడి, ఆ వణుకుతో సహా అవతలికి పోయేది. అక్కడ సెలీనియం దాన్ని పట్టుకునేది. దానికి ఫోటోఫోన్ అని పేరు పెట్టాడు, టెలిఫోన్ కన్నా ఇదే గొప్పదని కూడా అనుకున్నాడు. మబ్బు పడితే మాట ఆగిపోయే ఆ యంత్రం నిలబడలేదు. వెలుగు సాధనాలకు ఆ ఇబ్బంది ఇప్పటికీ పోలేదు, దారిలో ఏదైనా అడ్డమొస్తే అంతే సంగతులు.

పాత ఫిలమెంట్ బల్బుతో ఇది ఎందుకు చేయలేమని పిల్లలు అడుగుతారు. ఫిలమెంట్ వేడితో వెలుగుతుంది, చల్లారడానికి టైం పడుతుంది, పాట వేగానికి అందుకోలేదు. ఎల్‌ఈడీలో వేడితో పని లేదు, కరెంటు ఎలా ఊగితే వెలుగు అలాగే ఊగుతుంది. తెలుపు ఎల్‌ఈడీలో కూడా ఒక నిదానపు భాగం ఉంది: లోపల ఉన్నది నీలం ఎల్‌ఈడీ, దాని మీది పసుపు పూత ఆ నీలాన్ని కొంత తాగి పసుపుగా వదులుతుంది, రెండూ కలిసి తెలుపు. ఆ పూత సెకనుకు కొన్ని మిలియన్ల ఊపులకు మించి తట్టుకోలేదు. అందుకే ప్రయోగశాలల్లో వినే వైపు నీలం ఫిల్టర్ పెట్టి, వేగంగా స్పందించే నీలాన్ని మాత్రమే తీసుకుంటారు. మన పాటకు కొన్ని వేల ఊపులు చాలు, పూత గురించి దిగులు లేదు.

పాట తర్వాత అక్షరాలు

పాటతో ఆగిపోయినా బాగానే ఉంటుంది. కానీ మీ దగ్గర రెండు ఆర్డుయినో ఊనో బోర్డులు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న కంప్యూటర్ పలకలు) ఉంటే, లేదా హాస్టల్‌లో చదివే ఎవరైనా అరువిస్తే, వెలుగులో మాటలు రాసి పంపొచ్చు. ఇక్కడ సూత్రం తిరగబడుతుంది. పాటకు దీపం ఆరకూడదు అన్నాం. అక్షరాలకు ఆరాలి, వెలగాలి, మధ్యలో ఉండకూడదు. వెలిగితే ఒకటి, ఆరితే సున్నా.

పంపే బోర్డులో 11వ పిన్ నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్, అక్కడి నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు గ్రౌండ్‌కు. అందుకునే బోర్డులో, వెలుగు పడితే కరెంటు వదిలే ఫోటో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను 5 వోల్టులకు, ఎమిటర్‌ను 10వ పిన్‌కు కలిపి, ఆ పిన్ నుంచి 10 కిలో ఓమ్ గ్రౌండ్‌కు పెట్టండి. వెలుగు పడితే పిన్ మీద వోల్టేజీ లేస్తుంది, లేకపోతే పడిపోతుంది.

ఫోటో ట్రాన్సిస్టర్ కొనేటప్పుడు జాగ్రత్త. గాజులా తెల్లగా ఉన్నదే తీసుకోండి. నాకు ఒక షాపులో నల్లటిది ఇచ్చి "అన్నీ ఒకటే అన్నా" అన్నారు. ఒకటి కావు. ఆ నల్ల ప్లాస్టిక్ కంటికి కనిపించే వెలుగును ఆపి ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రమే లోపలికి వదిలేది. తెలుపు ఎల్‌ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ లేనట్టే. ఒక ఆదివారం సాయంత్రం మొత్తం వైర్లు మార్చి మార్చి చూశాం, చివరికి టీవీ రిమోట్ నొక్కితే స్పందించింది, అప్పుడు తెలిసింది. టీవీలో ఉండే మూడు కాళ్ల రిసీవర్ కూడా పనికిరాదు, అది 38 కిలోహెర్ట్జ్‌తో ఊగే ఇన్‌ఫ్రారెడ్‌నే పట్టించుకుంటుంది. ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి మారే రెసిస్టర్) వాడదామనుకుంటే, అది వెలుగు పోయాక తేరుకోవడానికి సెకనులో ఎన్నో వందోవంతులు తీసుకుంటుంది. సెకనుకు పది బిట్లు (ఒకట్లు, సున్నాలు) దాటించడం కష్టం.

రెండు బోర్డుల్లోనూ సాఫ్ట్‌వేర్ సీరియల్ లైబ్రరీ (మామూలు పిన్ల మీద బిట్లను ఒకదాని వెనక ఒకటి పంపే, అందుకునే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం) వాడి 10ని అందుకునే పిన్‌గా, 11ని పంపే పిన్‌గా ప్రకటించి, వేగం 300 పెట్టండి. పంపే స్కెచ్‌లో (ఆర్డుయినో ప్రోగ్రాంను అలా అంటారు) ఒకే మాటను రెండు సెకన్లకోసారి పంపమని రాయండి. అందుకునే స్కెచ్‌లో వచ్చిన ప్రతి బైటునూ (8 బిట్ల కట్ట) కంప్యూటర్ తెర మీద అక్షరాలు చూపే సీరియల్ మానిటర్‌కు అందించమని రాయండి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఈ లైబ్రరీ మొదలవగానే అందుకునే పిన్‌కు బోర్డు లోపలి పుల్-అప్ రెసిస్టర్‌ను (పిన్‌ను 5 వోల్టుల వైపు లాగేది) దానంతటదే కలుపుతుంది. దానివల్ల చీకట్లో కూడా పిన్ పూర్తిగా కిందికి దిగదు. లైబ్రరీ మొదలుపెట్టిన వాక్యం కిందనే ఆ పిన్‌ను మామూలు ఇన్‌పుట్ అని మళ్లీ ఒకసారి ప్రకటిస్తే అది తెగిపోతుంది.

ఎల్‌ఈడీని ఫోటో ట్రాన్సిస్టర్‌కు రెండు వేళ్ల దూరంలో ఎదురుగా పెట్టండి. ఏమీ పంపనప్పుడు ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది, అది తప్పు కాదు, సీరియల్ పద్ధతిలో ఖాళీగా ఉండటం అంటే ఒకటి మీద నిలబడటం. అప్పుడు 10వ పిన్ మీద 3 వోల్టులకు పైన ఉండాలి. చెయ్యి అడ్డం పెడితే 1 వోల్టు కిందికి రావాలి. అడ్డం పెట్టినా దిగకపోతే గది వెలుగు ఎక్కువైంది: ఫోటో ట్రాన్సిస్టర్‌కు నల్ల కాగితం గొట్టం తొడగండి. వెలుగు పడినా 3 దాటకపోతే 10 కిలో ఓమ్ బదులు 22 కిలో ఓమ్ పెట్టండి. ఈ రెండు అంకెలు కుదిరితే మిగతాదంతా దానంతటదే కుదురుతుంది.

300 వేగం అంటే సెకనుకు 300 బిట్లు, ఒక్కో బైటుకు ముందూ వెనకా గుర్తులతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 30 బైట్లు. వరంగల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో పంపితే 8 బైట్లు. తెలుగులో పంపితే 18, ఎందుకంటే వ, ర, సున్నా, గ, ల, పొల్లు అన్నీ వేరువేరుగా ఒక్కోటి 3 బైట్లు. సెకనులో సగానికి కాస్త పైన పడుతుంది. 300 కుదిరాక 1200కు పెంచి చూడండి, మాకు అదీ వచ్చింది.

స్కెచ్‌లో రాసిన మాట కాకుండా కీబోర్డు మీద కొట్టింది కొట్టినట్టు పంపాలంటే, కంప్యూటర్ నుంచి పంపే బోర్డుకు వెళ్లే సీరియల్ వేగం కూడా 300 పెట్టాలి. మేం అలవాటుగా 9600 పెట్టాం. మొదటి రెండు మూడు అక్షరాలు వచ్చి మిగతావి మాయమయ్యేవి. ఒక బైటును వెలుగుగా పంపుతున్నంతసేపూ ఆ లైబ్రరీ ఇంకేదీ వినదు, ఆ లోపు కంప్యూటర్ తోసేసిన అక్షరాలు నేలపాలు. తెలుగులో అయితే 3 బైట్లలో ఒక్కటి పోయినా అక్షరం బదులు డబ్బా గుర్తు వస్తుంది. అది చూసి ఫాంట్ సమస్య అనుకుని ఇంకో గంట పోగొట్టుకున్నాం.

ఇంట్లో వైఫై తీసేసి ఇది పెట్టుకోవచ్చా అని సైన్స్ ఫెయిర్‌లో ఒకాయన అడిగాడు. కనిపించే వెలుగుకు ఐఈఈఈ అనే ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ 2011లోనే ఒక ప్రమాణం రాసింది, 2023లో వైఫై కుటుంబంలోకే 802.11బీబీ అనే పేరుతో వెలుగును తెచ్చింది. చిత్రమేమిటంటే ఈ రెండోది వాడేది కంటికి కనిపించే వెలుగు కాదు, 800 నుంచి 1000 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఫోన్ నుంచి తిరిగి పైకి పంపాలంటే ఫోన్‌లో కూడా ఒక దీపం వెలగాలి కదా, అది ముఖం మీద మెరుస్తుంటే ఎవరు భరిస్తారు? ఇక వెలుగు గోడ దాటదు. ఆసుపత్రి గదికో, గుట్టుగా ఉంచాల్సిన ఆఫీసుకో అది మంచిదే. హాల్లో రౌటర్ పెట్టుకుని పడకగదిలో ఫోన్ చూసే మనలాంటి వాళ్లకు మాత్రం కుదరదు.

గోడ దాటదు కానీ మలుపు తిరుగుతుంది. హాల్లో ఎల్‌ఈడీ, భూతద్దం, వంటింట్లో ఫోటో ట్రాన్సిస్టర్ పెట్టి, తలుపు దగ్గర స్టీలు కంచాన్ని ఏటవాలుగా పట్టుకుంటే వెలుగు కట్ట అక్కడ తగిలి లోపలికి తిరిగింది. గోడకు సున్నం ఎంత తెల్లగా ఉన్నా వెలుగును నలుదిక్కులా చల్లేస్తుంది, దాంతో రాలేదు, కంచం అడుగుభాగం నునుపుగా ఉంది కాబట్టి వచ్చింది. కంచాన్ని వెంట్రుకవాసి జరిపితే అక్షరాలు ఆగిపోయేవి. మా అమ్మ కంచం పట్టుకుని నిలబడింది, పిల్ల హాల్లోంచి కొట్టింది, వంటింట్లో లాప్‌టాప్ మీద ఒక్కో అక్షరం పడుతూ వచ్చింది: అమ్మమ్మా చాయ్. "చాయ్ పెట్టాలంటే ముందు నా చేతిల కంచం తీసుకోండ్రి" అంది మా అమ్మ.